కాళ్లు కాగితం మీద, చేతులు ఎక్కడో: ‘లా బయాదేర్’ చివరి అంకంతో పద్నాలుగు వారాలు

మొదటి మీటింగ్‌లో డైరెక్టర్ గారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "మీది గోల్కొండేనటగా?"

దాదాపుగా అంతే. నేను పుట్టి పెరిగింది లంగర్‌హౌస్‌లో. ఎండాకాలం రాత్రి డాబా మీద పక్కలు వేసుకుంటే బాలాహిస్సార్ మీద లైట్లు కనిపించేవి. అదే చెప్పాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. "అయితే ఇక బెంగ లేదు. మా గోల్కొండ నిజం గోల్కొండలా ఉండేట్టు మీరు చూసుకోండి" అన్నారు. నేను తల ఊపేశాను. ఈ కేసులో నేను చేసిన మొదటి తప్పు అదే.

నేను పనిచేసేది యూరప్‌లో ఒక బ్యాలే స్కూల్లో. చిన్నప్పుడు ఎనిమిదేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను. మోకాలు మొరాయించాక డాన్స్‌ను కాగితం మీద రాసే, చదివే పనిలో పడ్డాను. ఆ ఏడాది ఆఖరి సంవత్సరం పిల్లల ప్రదర్శనకి ‘లా బయాదేర్’ అనే పాత రష్యన్ బ్యాలేలోంచి మూడు ముక్కలు అనుకున్నారు: ఇద్దరాడవాళ్ల గొడవ సీను, ‘ఛాయల లోకం’, ఇప్పుడు చాలా చోట్ల అసలు ఆడని చివరి అంకం. మొత్తం 70 నిమిషాలు. అమ్మాయిలు 24 మంది, అబ్బాయిలు ఆరుగురు, ఒక పియానో, ఒక వయొలిన్, ఇద్దరు స్టేజీ వడ్రంగులు. చేతిలో పద్నాలుగు వారాలు.

ఏం పోయింది, ఎలా పోయింది

‘లా బయాదేర్’ని మారియుస్ పెతిపా 1877లో సెయింట్ పీటర్స్‌బర్గ్ బల్షోయ్ కామెన్నీ థియేటర్‌లో కట్టాడు. మాస్కో బల్షోయ్ వేరు, ఇది వేరు. సంగీతం లుడ్విగ్ మింకుస్‌ది. కథానాయిక నికియాగా ఎకతెరీనా వాజెం ఆడింది. బయాదేర్ అంటే గుడిలో ఆడే అమ్మాయి. పోర్చుగీసు వాళ్లు మన దేవదాసీలకు పెట్టిన ‘బైలాదైరా’ అన్న పేరు ఫ్రెంచి వాళ్ల నోట్లో పడి అలా మారింది.

కథ సినిమా కథే. గుడిలో ఆడే నికియా, వీరుడు సోలోర్ పవిత్రాగ్ని ముందు మాట ఇచ్చుకుంటారు. రాజుగారేమో తన కూతురు గమ్‌జాటీని సోలోర్‌కి ఇచ్చి చెయ్యాలనుకుంటాడు. సోలోర్ కాదనలేకపోతాడు. పూలబుట్టలో పాము, నికియా చావు. దుఃఖంలో సోలోర్‌కి ఒక దర్శనం: హిమాలయాల మీంచి తెల్లటి నీడలు ఒక్కొక్కటే దిగొస్తాయి. తర్వాత పెళ్లి. పెళ్లిలో నికియా నీడ సోలోర్‌కి మాత్రమే కనిపిస్తూ ఇద్దరి మధ్యకీ వస్తుంటుంది. చేతులు కలిపే క్షణాన దేవతలకి కోపం వచ్చి గుడి అందరి నెత్తినా కూలుతుంది.

ఈ రాజుగారి పేరు దుగ్మంత. ఆయన గోల్కొండ రాజు. 1518 నుంచి 1687 దాకా గోల్కొండను ఏలింది కుతుబ్‌షాహీలు, తర్వాత ఔరంగజేబు పట్టుకున్నాడు. ఈ బ్యాలే పుట్టేనాటికి అది నిజాం రాజ్యం. దుగ్మంత ఎక్కణ్ణించి ఊడిపడ్డాడు? దుష్యంతుడే ఫ్రెంచి, రష్యన్ నోళ్లలో నలిగి అలా అయ్యాడేమోనని నా అనుమానం. మారియుస్ అన్న లుసియాఁ పెతిపా 1858లో పారిస్‌లో ‘శాకుంతల’ని బ్యాలేగా కట్టాడు మరి. గోల్కొండ ఎందుకంటే, కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల వజ్రాల పుణ్యమా అని యూరప్‌లో ఆ మాటకి ‘తరగని సంపద’ అనే అర్థం వచ్చేసింది. పెతిపాకి కావలసింది ఆ మెరుపు. ఊరు కాదు.

బ్యాలే మొత్తం పోలేదు. 1900లో పెతిపాయే దాన్ని మరియిన్‌స్కీ థియేటర్లో మళ్లీ కట్టాడు. అప్పుడు నికియా మతిల్దా క్షెసిన్‌స్కాయా. విప్లవం తర్వాత చివరి అంకం ఆడటం మానేశారు. 1941లో పొనొమర్యోవ్, చబుకియానీ కలిసి బ్యాలేని తిరగ కట్టి ఛాయల లోకంతోనే తెర దించేశారు. పెళ్లిలో ఉండాల్సిన పెద్ద డాన్స్‌ని ముందుకు జరిపి నిశ్చితార్థంలో పెట్టారు. ప్రపంచం చూసినదంతా ఆ 1941 రూపమో దాని పిల్లలో. నతాలియా మకరోవా 1980లో అమెరికన్ బ్యాలే థియేటర్‌కి చివరి అంకం మళ్లీ పెట్టింది కానీ దాని డాన్స్ ఆవిడే కొత్తగా కట్టుకుంది, సంగీతం లాంచ్‌బెరీ సర్దాడు. 2002లో మరియిన్‌స్కీలో సెర్గేయ్ విఖరెవ్ 1900 నాటి కాగితాలు ముందు పెట్టుకుని నాలుగు అంకాలూ నిలబెట్టాడు. 2018లో బెర్లిన్‌లో రత్మాన్‌స్కీ తన పద్ధతిలో మరోసారి చేశాడు. మేం ఏడో తరగతి పిల్లల్లా వాళ్ల వెనక నడిచాం.

ఆ కాగితాలు

1890ల మొదట్లో వ్లదీమిర్ స్తెపానొవ్ అనే డాన్సర్ శరీర కదలికల్ని సంగీతం నోటేషన్‌లా రాసే పద్ధతి కనిపెట్టాడు. 1892లో పారిస్‌లో దాని మీద పుస్తకం వేశాడు, ముప్ఫై ఏళ్లు నిండకుండానే పోయాడు. ఆ పద్ధతిలో పీటర్స్‌బర్గ్ బ్యాలేలు చాలా రాసిపెట్టారు. నికొలాయ్ సెర్గేయెవ్ అనే రెజిసేర్ (రిహార్సళ్లు చూసుకునే ఆయన) 1918లో దేశం వదిలేస్తూ ఆ కట్టలు వెంట తీసుకుపోయాడు. లండన్‌లో వాటిని చూసే ‘స్లీపింగ్ బ్యూటీ’, ‘జిసెల్’, ‘స్వాన్ లేక్’ నేర్పించాడు. ఇవాళ అవి హార్వర్డ్‌లో ఉన్నాయి, 1969 నుంచి.

ఒక పేజీ ఎలా ఉంటుందో చెప్తాను. పైన నేల పటం: ఎవరు ఎక్కణ్ణించి ఎక్కడికి పోవాలో బాణాలు. కింద తొమ్మిది గీతలు. పై రెండు గీతలు తల, నడుముకి. మధ్య మూడు చేతులకి. కింది నాలుగు కాళ్లకి. వాటి మీద సంగీతం స్వరాల్లాంటి గుర్తులు; గుర్తు ఆకారాన్ని బట్టి ఎంతసేపు, పక్కన గీసిన కొక్కేల్ని బట్టి కాలు ఎంత ఎత్తు, ఎటువైపు. రాసింది పెన్సిల్‌తో, ఎక్కువ చోట్ల హడావుడిగా. కింది నాలుగు గీతలు నిండుగా ఉంటాయి. మధ్య మూడు గీతలు పేజీలకు పేజీలు ఖాళీ.

మా డైరెక్టర్ గారికి ఇది అర్థం కాలేదు. "చేతులు రాయకుండా డాన్స్ రాయడమేంటండీ?" అన్నారు. నాకు మాత్రం కొత్తగా అనిపించలేదు. మా కూచిపూడి గురువుగారి నోటుబుక్కులో జతులు, అంటే అడుగుల లెక్క చెప్పే మాటలు తప్ప ఇంకేం ఉండేవి కావు. చేతులు ఎందుకు రాసుకుంటారు? ఆయన చేతులు ఆయన దగ్గరే ఉన్నాయి. ఈ కాగితాలూ అంతే. అప్పటికే ఆ బ్యాలే తెలిసిన వాళ్లు మర్చిపోకుండా రాసుకున్న గుర్తులు. తెలియని వాళ్లకి నేర్పడానికి రాసినవి కావు. నూట పాతికేళ్ల తర్వాత లంగర్‌హౌస్ నుంచి ఒకావిడ వచ్చి చదువుతుందని వాళ్లనుకోలేదు కదా.

అందుకని మొదటి వారంలోనే ఒక నియమం పెట్టుకున్నాం. నా పని పుస్తకంలో మూడు రంగుల ఇంకు. నోటేషన్‌లో ఉన్నది నీలం. కాగితంలో లేకపోయినా తరం నుంచి తరానికి స్టేజీ మీద వస్తున్నది ఆకుపచ్చ. మేం కల్పించుకున్నది ఎరుపు. ఛాయల లోకం పేజీల్లో నీలం, ఆకుపచ్చ సగం సగం వచ్చాయి. చివరి అంకానికి వచ్చేసరికి ఆకుపచ్చ లేనే లేదు. ఆడటం మానేసిన అంకానికి పరంపర ఎక్కణ్ణించి వస్తుంది? నీలం, దాని చుట్టూ ఎరుపు. చూస్తే భయమేసింది.

ర్యాంప్

ఛాయల లోకం గురించి బ్యాలే తెలియని వాళ్లకి కూడా ఒక్క ముక్క చెప్పాలి. వెనక చీకట్లో ఎత్తు మీంచి ఒక తెల్లబట్టల అమ్మాయి వస్తుంది. ఒక కాలి మీద ముందుకి వంగి, వెనక కాలు లేపి నిలబడుతుంది. దాన్ని అరబెస్క్ అంటారు. తర్వాత వెనక్కి ఒరిగి చేతులు పైకెత్తుతుంది. రెండడుగులు వేస్తుంది. మళ్లీ అరబెస్క్. ఆమె వెనకే రెండో అమ్మాయి, మూడో అమ్మాయి. అందరిదీ ఒకటే ముక్క. 1877లో 32 మంది, వెలుతురు నిండిన ఆకాశ భవనంలోంచి. 1900లో పెతిపా వాళ్లని 48 చేసి, భవనం తీసేసి, చీకటి కొండలు పెట్టాడు. అంతకన్నా తెలివైన మార్పు ఆయన జీవితంలో ఇంకోటి చేశాడా అని నాకు డౌటే.

మాకున్నది 24 మంది. ఇరవై నాలుగో అమ్మాయి నేల మీదికి దిగేలోపు మొదటి అమ్మాయి ఆ ముక్క 27 సార్లు చెయ్యాలి. ఒంటికాలి మీద. ఏటవాలు చెక్క మీద. ఎవరు మొదట దిగుతారన్న దాని మీద రెండు వారాలు రాజకీయం నడిచింది. క్లాసులో అందరికన్నా బాగా చేసే అమ్మాయిని పెట్టాలని ఒకరు, మొండి అమ్మాయిని పెట్టాలని నేను. మొండి అమ్మాయే గెలిచింది. ఆమెకి టెన్షన్ అంటే తెలియదు. పదహారోసారికి కాలు వణికితే వణకనిచ్చి పదిహేడోది చేస్తుంది.

అసలు కష్టం ర్యాంప్‌తో వచ్చింది. మేం పని అప్పగించిన ఒక వర్క్‌షాప్ వాళ్లు ఆరు మీటర్ల పొడవుకి ఒక మీటరు ఎత్తు పెట్టి తెచ్చారు. కాగితం మీద చూస్తే ఏమంత కాదు. మునివేళ్ల మీద నిలబడే పాయింట్ షూ సాటిన్‌తో ఎక్కితే అది కొండే. మొదటి రోజే ఇద్దరు జారారు. ఒకమ్మాయికి మడమ వాచి పది రోజులు కూర్చుంది. దానికి తోడు శబ్దం. పియానో అంత మెల్లగా నడుస్తుంటే అడుగడుగుకీ ప్లైవుడ్ కిర్రుమంటోంది. 24 నీడలు ఎడ్లబండి మీద వస్తున్నట్టుంది.

ర్యాంప్‌ని రెండుగా కోసి, ఐదేసి మీటర్ల రెండు వాలులుగా మలుపు తిప్పించాం. ఎత్తు అదే ఒక మీటరు, పొడవు పది మీటర్లు అయింది. ప్లైవుడ్ కింద ఆనే చోటల్లా పాత కార్పెట్ ముక్కలు మేకులకి బదులు జిగురుతో అంటించాం. పైన డాన్స్ ఫ్లోర్ వినైల్ సాగదీసి పరిచాం. కిర్రు పోయింది. మలుపు వల్ల ఇంకో లాభం కలిగింది: పైవరస అమ్మాయిలు ఎడమకి, కింది వరస కుడికి పోతుంటే 24 మంది 40 మందిలా అనిపించారు.

కాలు దించమ్మా

నోటేషన్ చదివిన ప్రతివాళ్లకీ ఎదురయ్యే తగువు మాకూ ఎదురైంది. ఈ కాలం పిల్లలు కాలు చెవి దాకా లేపడం నేర్చుకుని వస్తారు. కాగితంలో చాలా చోట్ల కాలు నడుము ఎత్తు, కొన్ని చోట్ల అందులో సగం. తిరుగుళ్లలో మడిచిన కాలు మోకాలి దగ్గర కాదు, పిక్క దగ్గర. "కాలు దించమ్మా" అని నేను, "ఇలా చేస్తే చేతకాక చేస్తున్నాననుకుంటారు" అని వాళ్లు.

వాదనతో వాళ్లు మారలేదు. పియానో మారింది. పియానిస్ట్ గారు పెద్దాయన, ఎక్కువ మాట్లాడరు. ఒక రోజు నికియా సోలోని తన ఇష్టానికి కొంచెం వేగంగా వాయించారు. ఆ వేగంలో కాలు చెవి దాకా లేపే టైమ్ ఉండదు. సగం ఎత్తులోనే అంచు కొట్టి దిగాలి. ఒక్కసారిగా అడుగులు సంగీతంలో కూర్చున్నాయి. కాలు ఎత్తు పెంచుకుంటూ పోయాక దానికోసం సంగీతాన్ని సాగదీశారని, అసలు రెండూ కలిసి పుట్టినవని పిల్లలకి నేను అరగంట చెప్పినా ఎక్కనిది ఆయన రెండు నిమిషాల్లో ఎక్కించారు.

సోలోర్ అలిగిన వైనం ఇంకోటి. 1900లో సోలోర్ వేసిన పావెల్ గెర్ట్‌కి అప్పటికి 56 ఏళ్లు. అందుకే పాత సోలోర్‌కి నడక, నటన, అమ్మాయిని పట్టుకోవడం ఎక్కువ, గంతులు తక్కువ. ఇవాళ జనం చప్పట్లు కొట్టే సోలోర్ గంతులన్నీ 1941 వాళ్ల చలవ. మా అబ్బాయి మూడేళ్లుగా ఆ గంతులే సాధన చేస్తున్నాడు. ఆఖరి సంవత్సరం షోకి కంపెనీల వాళ్లు చూడ్డానికి వస్తారు, ఉద్యోగాలు దొరికేది అక్కడే. "నేను నడుస్తూ ఏం చూపించాలి?" అన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. నేను వద్దని చెప్పాను. ఓటు ఓడిపోయాను. అతనికో సోలో పెట్టారు. నేను దాన్ని ఎర్ర ఇంకుతో రాసి ప్రోగ్రామ్ బుక్‌లో కూడా ఎర్రగానే అచ్చు వేయించాను. అంతవరకే నా పంతం నెగ్గింది.

‘బంగారు విగ్రహం డాన్స్ ఎందుకు లేదు?’ అని కూడా చాలామంది తల్లిదండ్రులు అడిగారు. ఒళ్లంతా బంగారు రంగు పూసుకుని ఎగిరే ఆ డాన్స్ ఈ బ్యాలేకి ముద్రలా అయిపోయింది. అది 1948లో నికొలాయ్ జుబ్కోవ్‌స్కీ చేర్చింది. పెతిపాకి దాని సంగతే తెలియదు.

అలపద్మం

ఇక నా తప్పు సంగతి.

చివరి అంకంలో నికియా నీడ పెళ్లి మధ్యలోకి వచ్చే చోట కాళ్లకి నీలం ఇంకు ఉంది, చేతులకి ఏమీ లేదు. డైరెక్టర్ గారు నా వైపు చూశారు. "మీ దగ్గర పువ్వుకి చేతి ముద్ర ఉంటుంది కదా?" ఉంటుంది. అలపద్మం పట్టి చూపించాను. వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకునే తీరు చూసి గదిలో అందరూ ‘అబ్బా’ అన్నారు. మర్నాటికి మొత్తం 24 మందీ అద్దం ముందు వేళ్లు విప్పుతున్నారు. గమ్‌జాటీ అమ్మాయి పతాకం కూడా నేర్చుకుంది. ఆ వారం నాకు భలే గర్వంగా ఉంది. ఇంటికి ఫోన్ చేసి అమ్మకి చెప్పాను కూడా.

శుక్రవారం రిహార్సల్ వీడియో చూశాను. మొత్తం చెడిపోయింది.

ఎందుకో చెప్తాను. కూచిపూడిలో అలపద్మం పట్టినప్పుడు కింద అరమండి ఉంటుంది, అంటే మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చున్నట్టు నిలబడతాం, నడుము ఒంపు ఉంటుంది, కన్ను దాని వెంట పోతుంది. బరువు నేలలోకి దిగుతుంది. ఇక్కడ కింద అమ్మాయి మునివేళ్ల మీద గాల్లోకి లేస్తోంది. ఒళ్లు పైకి పోతుంటే ఆ చెయ్యి కిందికి లాగుతోంది. ఫోటోకి స్టిక్కర్ అంటించినట్టుంది. అది 1900 కాదు, 1877 కాదు, కూచిపూడీ కాదు. పైగా చూసేవాళ్లు ‘ఇండియా నుంచి వచ్చినావిడ నేర్పింది కాబట్టి ఇది అసలైనది’ అనుకుంటారు. నా పేరు పక్కన ఉండగా ఆ అబద్ధం ఇంకా గట్టిపడుతుంది.

సోమవారం వచ్చి తీసేయమన్నాను. నేనే నేర్పి నేనే తీసేయమంటే పిల్లలకి కోపం రాదా, వచ్చింది. డైరెక్టర్ గారు "కానీ ఇది గోల్కొండ కదా" అన్నారు. "ఇది పీటర్స్‌బర్గ్ గోల్కొండ అండీ. ఆ ఊళ్లో అలపద్మం లేదు" అన్నాను. నిజం బయాదేర్లు కావాలంటే వాళ్లు వేరే ఉన్నారు. 1838లో పాండిచ్చేరి దగ్గర తిరువేందిపురం నుంచి దేవదాసీల బృందం ఒకటి నాట్యం నడిపించే గురువు నట్టువనార్‌తో సహా పారిస్ వెళ్లి ఆడింది. ఫ్రెంచి రచయిత గోతియే వాళ్ల గురించి రాశాడు. అమ్మణి అనే అమ్మాయిని శిల్పి ఓగుస్త్ బార్ చిన్న కంచు బొమ్మగా పోతపోశాడు. పెతిపా స్టేజీ మీదికి ఆ అమ్మణి ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు నా వేళ్లతో దొంగదారిన లోపలికి తేవడం మరమ్మతు ఎలా అవుతుంది?

ఆ ఖాళీలో చివరికి ఏం పెట్టాం? పెతిపా నీడలకి ఛాయల లోకంలో ఉన్న చేతులే. ఆమె ఆ లోకంలోంచే వస్తోంది కదా, ఆ చేతులతోనే వస్తుంది. చూడ్డానికి సాదాగా ఉంది. ఎర్ర ఇంకే, కానీ పక్కింటి నుంచి తెచ్చుకున్న ఎరుపు కాదు.

మా దగ్గర నేర్చుకున్నదాంట్లో ఒక్కటి మాత్రం పనికొచ్చింది. గొడవ సీనులో డాన్స్ లేదు, సైగలే. కాగితంలో ఎవరు ఎటు నడవాలో బాణాలు, పక్కన రష్యన్‌లో మాటలు. నేను, అతన్ని, పెళ్లి: ఉంగరం వేలు చూపించాలి. చావు: పిడికిళ్లు రెండూ ముంజేతుల దగ్గర అడ్డంగా కలిపి కిందికి కొట్టాలి. పిల్లలు సైగలు చకచకా చేసేస్తున్నారు, టెలిగ్రామ్ చదివినట్టు. ఏమీ అర్థం కావట్లేదు. చెయ్యి కదిలేముందు కన్ను అక్కడికి పోవాలి అన్నాను. ముందు ఉంగరం వేలు చూసుకో, తర్వాత చూపించు. మా గురువుగారు బెత్తంతో చెప్పిన పాఠం నేను నోటితో చెప్పాను. రెండు గంటల్లో సీను మాట్లాడటం మొదలుపెట్టింది. ముద్ర ఒక్కటి కూడా వాడలేదు.

గుడి కూల్చడం

మరియిన్‌స్కీకి మెషీన్లు ఉన్నాయి. మాకు ఇద్దరు వడ్రంగులు, నాలుగు తాళ్లు. మొదట థర్మోకోల్ స్తంభాలు చేయించాం. ట్రయల్‌లో పెద్ద స్తంభం పూజారి భుజం మీద పడి బంతిలా ఎగిరింది. చూస్తున్న పక్క క్లాసు పిల్లలు కడుపు పట్టుకుని నవ్వారు. దేవతల కోపం నవ్వులపాలయింది.

అప్పుడు గుర్తొచ్చింది సురభి. చిన్నప్పుడు పబ్లిక్ గార్డెన్స్‌లో లలిత కళా తోరణంలో నాన్న ‘మాయాబజార్’ చూపించాడు. మెషీన్లు లేవు, తాళ్లూ తెరలూ లైట్లూ, అంతే. క్షణంలో అడవి కోటయ్యేది. 1885లో మొదలైన సురభి వాళ్ల పెయింటింగ్ తెరలూ, పెతిపా కాలం పీటర్స్‌బర్గ్ తెరలూ ఒకదాన్ని చూసి ఒకటి పుట్టినవి కాకపోయినా, ఒకే కాలం స్టేజీ విద్య. ఈసారి ‘ఇండియా’ని తేవట్లేదు, 19వ శతాబ్దాన్ని తెస్తున్నాను. అందుకే ధైర్యంగా చెప్పాను.

గుడిని గుడ్డ మీద వేయించాం. స్తంభం ఒక గుడ్డ, గోపురం ఒక గుడ్డ, వెనక గోడ ఒకటి. ఒక్కోటీ పైన రెండు ముళ్లతో కట్టి ఉంటుంది. ముడి ఒకటి లాగితే ఒక మూల జారి స్తంభం విరిగినట్టు వంగుతుంది. రెండోది లాగితే మొత్తం కుప్పకూలుతుంది. వడ్రంగులిద్దరూ తాళ్లు పట్టుకుని పియానో లెక్క వింటూ నిలబడ్డారు. తెరల ముందు సన్నటి వల తెర దించి, రేకు ఊపి ఉరుము, పక్కనుంచి తెల్ల లైటు రెండు సార్లు. మొత్తం పదకొండు సెకన్లు. గుడ్డ పడితే శబ్దం రాదు కాబట్టి ఉరుము ఆగాక వచ్చే నిశ్శబ్దం ఎవరూ అనుకోనంత పెద్దదిగా వినిపించింది. ఆ నిశ్శబ్దంలో వల తెర వెనక కొండలు, నికియా, సోలోర్.

మొదటి రాత్రి గోపురం రెండో ముడి చిక్కుకుంది. గోపురం సగం వేలాడుతూ ఉండిపోయింది. వడ్రంగి నిచ్చెన ఎక్కబోతే నేనే ఆపాను. ‘కూలని ఆ ఒక్క గోపురం ఎంత బాగా ఆలోచించారండీ’ అని మర్నాడు ఒకావిడ మెచ్చుకుంది. థాంక్స్ చెప్పి ఊరుకున్నాను.

ఎవరేమన్నారు

మూడు షోలు. హాలు నిండింది, కానీ స్కూల్ షోకి హాలు నిండడం గొప్పేం కాదు. పొడుగాటి తెల్ల గుడ్డతో నికియా, సోలోర్ చేసే డాన్స్ రెండో రాత్రి దెబ్బతింది. గుడ్డ కిరీటానికి చిక్కుకుని అమ్మాయి నాలుగు తిరుగుళ్లు తలతో లాగుతూ తిరిగింది. గుడ్డ కొలత నోటేషన్‌లో ఉండదు. మీటరు తక్కువ చేసి ఉండాల్సింది.

భారతీయ కుటుంబం ఒకటి షో తర్వాత నన్ను పట్టుకుంది. దేవదాసీల్ని ఇలా చూపించడం సిగ్గు కాదా, మీరుండి కూడా ఇది ఎలా ఒప్పుకున్నారు అని అడిగారు. ప్రశ్న తప్పు కాదు. పాత ప్రొడక్షన్లలో పిల్లల మొహాలకి నల్లరంగు పూసేవాళ్లు, దాన్ని మేం మొదటి రోజే తోసేశాం. మిగతా వాటికి ప్రోగ్రామ్ బుక్‌లో ఒక పేజీ రాశాను: ఇది గోల్కొండ గురించిన బ్యాలే కాదు, గోల్కొండ అనే మాట వింటే పీటర్స్‌బర్గ్ వాళ్ల కళ్ల ముందు ఏం మెదిలేదో చూపించే బ్యాలే అని. వాళ్లు అది చదివాక కూడా ఒప్పుకోలేదు. 2024లో ఇండియానా యూనివర్సిటీలో ఫిల్ చాన్, డగ్ ఫుల్లింగ్టన్ ఇంకో దారి పట్టారు. నోటేషన్‌లోని అడుగులు ఉంచి, కథని 1930ల హాలీవుడ్‌కి మార్చేశారు. నాకు ఆ ఆలోచన నచ్చింది. మేం చేసింది మాత్రం అది కాదు. పాత ఇల్లు ఎలా ఉండేదో అలా లేపి, గుమ్మం దగ్గర బోర్డు పెట్టడం.

అమ్మ వీడియో చూసింది. "గోల్కొండ ఎక్కడుందే ఇందులో?" అంది. లేదమ్మా అన్నాను. "మరి ఫోన్లో ముద్రలు నేర్పానన్నావు?" అవీ లేవమ్మా అన్నాను. కాసేపాగి, ఆ తెల్లబట్టల పిల్లల కాళ్లు నొప్పెట్టవా అని అడిగింది.

ఈ ఏడాది మళ్లీ వెయ్యాలంటున్నారు. చివరి అంకంలో చిన్నపిల్లలు ఆడాల్సిన తామరపూల డాన్స్ పోయినసారి పిల్లలు లేక వదిలేశాం. కింది క్లాసుల టీచర్ గారు పన్నెండుమందిని ఇస్తామంటున్నారు. నేను ఇరవై నాలుగు అడిగాను. ఆవిడ పద్నాలుగు దాకా వచ్చారు. బేరం నడుస్తోంది.